జాఫ్నా మైదానంలో ఆ ముప్పై మంది

1987 జులై 30న 54వ పదాతి డివిజన్ శ్రీలంకలోని జాఫ్నా ద్వీపకల్పంలో ఉన్న పలాలి విమానాశ్రయంలో దిగింది. మన సికింద్రాబాద్‌లో ఉండే డివిజన్ అది. అంతకు ముందు రోజే మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. వెళ్లింది యుద్ధానికి కాదు, తమిళ పులులు (ఎల్‌టీటీఈ) అప్పగించే ఆయుధాలు తీసుకోవడానికి. జాఫ్నా తమిళులు పూలదండలతో ఎదురొచ్చారు.

ఆ దండలు వాడిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. శ్రీలంక నౌకాదళానికి చిక్కిన ఎల్‌టీటీఈ మనుషులను కొలంబోకు తరలించబోతే, అక్టోబరు 5న వాళ్లు పలాలిలోనే సైనైడ్ మింగారు. పన్నెండు మంది పోయారు. వారం తిరక్కుండా యుద్ధం మొదలైంది.

జాఫ్నా విశ్వవిద్యాలయం పక్కన, కొక్కువిల్‌లో పులుల స్థావరం ఉందనీ, అక్కడ వాళ్ల నాయకుడు ప్రభాకరన్‌ దొరుకుతాడనీ కబురు. అక్టోబరు 11 అర్ధరాత్రి దాటాక హెలికాప్టర్లలో యూనివర్సిటీ ఆటస్థలంలో దిగాలని పథకం వేశారు. ముందు 10వ పారా కమాండోలు దిగి చోటు పట్టుకోవాలి. వెనకే 13వ సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు విడతలు విడతలుగా రావాలి. వీళ్లు గ్వాలియర్ నుంచి వచ్చి పలాలిలో అడుగుపెట్టిందే అప్పుడు. ఆ ఊరి సందు గొందులు చూసిన వాడు వాళ్లలో ఒక్కడు లేడు.

మన రేడియో మాటలు పులులు ముందే విన్నారు. మైదానం చుట్టూ ఇళ్ల మీద, భవనాల మీద తుపాకులు ఎక్కుపెట్టి కూర్చున్నారు. దీపాలార్పుకుని వచ్చిన ఎంఐ-8 హెలికాప్టర్లు నేలకు దిగుతుండగానే తూటాల వాన మొదలైంది. పైలట్లు వెనుదీయలేదు. ఒళ్లంతా చిల్లులు పడ్డ యంత్రాలను పలాలికి తీసుకుపోయి మళ్లీ మనుషులను ఎక్కించుకుని వచ్చారు. చివరికి ఆ యంత్రాలే ఇక ఎగరలేని స్థితికి వచ్చాయి. అప్పటికి నూరు మంది పైచిలుకు కమాండోలు దిగారు. సిక్కు బెటాలియన్ నుంచి దిగింది మేజర్ బీరేంద్ర సింగ్, ఆయన వెంట ఒక్క ప్లటూను. మొత్తం ముప్పై మంది.

ఈ కథలో నేను దాటిపోలేని చోటు ఇదే. కమాండోలు ప్రభాకరన్ ఇంటిని వెతుక్కుంటూ కదిలారు. బీరేంద్ర సింగ్ కదల్లేదు. బెటాలియన్ వచ్చేదాకా మైదానం నిలబెట్టాలన్నది ఆయనకున్న ఆజ్ఞ. ఆ బెటాలియన్ ఇక రాదని ఆయనకు చెప్పే దారి లేదు. రేడియో మోసే జవాను మొదట్లోనే నేలకొరిగాడు.

మా కొండపల్లి దుర్గం మెట్లెక్కుతుంటే నాకు ఆ మైదానమే గుర్తొస్తుంది. 1516 ప్రాంతంలో కృష్ణదేవరాయలు ఈ కోటను ముట్టడించినప్పుడు లోపల గజపతి పరివారం ఇలాగే ఎదురుచూసింది. గజపతి రాజు ప్రతాపరుద్రుడు సేనతో కదిలి వచ్చాడనీ, రాయలు ఎదురేగి ఆయనను తరిమేశాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కోట పడిపోయింది. అయినా వాళ్లకు కొండ అండ ఉంది, రాతిగోడ చాటు ఉంది, నెలల తరబడి నిలవడానికి తిండీ నీళ్లూ ఉన్నాయి. ఆటస్థలంలో తల దాచుకోవడానికి మట్టిగడ్డైనా లేదు. ఆకాశం నుంచి దిగిన సైనికుడి గతి ఎక్కడైనా ఇంతే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 సెప్టెంబరులో హాలండ్‌లోని ఆర్న్‌హెమ్ దగ్గర దాదాపు 10,000 మంది బ్రిటిష్, పోలిష్ సైనికులు దిగారు. దక్షిణం నుంచి రావలసిన ట్యాంకులు సమయానికి చేరలేదు. రైన్ నది దాటి తిరిగొచ్చిన వాళ్లు రెండు వేల పైచిలుకే.

జాఫ్నాలో కమాండోల కోసం మాత్రం ట్యాంకులు వచ్చాయి. రోడ్ల నిండా మందుపాతరలు ఉండటంతో మేజర్ అనిల్ కౌల్ తన టీ-72లను రైలు పట్టాల మీదుగా నడిపించాడు. ఆ దారిలోనే ఆయన ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఇళ్లలో చిక్కుకుని పోరాడుతున్న కమాండోలు ఆరుగురిని పోగొట్టుకుని బయటపడ్డారు. మైదానంలోని సిక్కుల దగ్గరికి మాత్రం ఎవరూ చేరలేకపోయారు. పలాలి నుంచి అక్కడికి 20 కిలోమీటర్లైనా ఉండదు.

తెల్లారింది. ఒక్కొక్కరే ఒరిగిపోతున్నారు, తూటాలు లెక్కకు వచ్చాయి. పన్నెండో తేదీ పొద్దెక్కేసరికి మిగిలింది ముగ్గురేననీ, తూటాలు నిండుకున్నాక బాయినెట్లు బిగించి శత్రువు మీదికి ఉరికారనీ చెబుతారు. ఇద్దరు అక్కడే పడిపోయారు. సిపాయి గోరా సింగ్ ప్రాణాలతో పట్టుబడ్డాడు.

ధైర్యానికి లోటు లేని చోట తొందరపాటు ఇంతమందిని బలి తీసుకుంది. ఊరు తెలియని జవాన్లను, శత్రువు చెవిన పడ్డ పథకంతో, విడతకు కొందరే దిగగలిగే మైదానంలోకి చీకట్లో పంపడం క్షమించరాని తప్పని నేననుకుంటాను. జాఫ్నా ఆ నెలాఖరుకు మన సైన్యం చేతికి వచ్చింది. 1990 మార్చిలో చివరి దళం ఓడెక్కే నాటికి, శ్రీలంకకు వెళ్లిన మన శాంతి పరిరక్షక దళం 1,100 మందికి పైగా పోగొట్టుకుంది. గోరా సింగ్‌ను పులులు తర్వాత విడిచిపెట్టారు. బీరేంద్ర సింగ్, ఆయన జవాన్లు ఆ ఉదయం ఎలా పోరాడారో లోకానికి తెలిసింది గోరా సింగ్ చెప్పబట్టే.