చేపలకు కూడా సంబంధం చూడాలి: గాజు తొట్టి వెనక కథ

ఈ రోజు ఎపిసోడ్ ఇంట్లో అక్వేరియం పెట్టుకుందాం అనుకునేవాళ్ల కోసం.

మన కమాన్‌పూర్ నుంచి గోదావరిఖని పోతాం. చిన్న తొట్టి, రెండు గోల్డ్‌ఫిష్, ఒక ఫైటర్, "గాజు క్లీన్ చేస్తది" అంటే ఒక సక్కర్ ఫిష్ తెచ్చుకుంటాం. వారం తిరిగేసరికి ఒకటి పైకి తేలుతుంది. నీళ్లు మంచిగా లేవేమో అనుకుంటాం. కానీ చాలాసార్లు తప్పు మనం కలిపిన జోడీలోనే ఉంటుంది. పెళ్లి సంబంధం వస్తే ఏ ఊరు, ఎవరి పిల్ల అని అడుగుతాం కదా? చేపల దగ్గర మాత్రం రంగు చూసి తెచ్చేస్తాం. అందుకే ఈ మూడింటి ఊరు ఏదో చూద్దాం.

గోల్డ్‌ఫిష్‌ది చైనా. వెయ్యేళ్ల కింద అక్కడి చెరువుల్లో ఎర్రగా, పసుపుగా పుట్టిన చేపలను ఏరి పెంచుతూ తయారుచేసుకున్న జాతి ఇది. మన బంగారు తీగకు దగ్గరి చుట్టం. దీనికి చల్లని నీళ్లు కావాలి, చోటు కూడా ఎక్కువ కావాలి.

ఫైటర్‌ది సియాం, అంటే నేటి థాయ్‌లాండ్. అక్కడ వీటితో పందేలు ఆడించేవాళ్లు. 1840లలో సియాం రాజు ఇచ్చిన చేపల వల్లే యూరప్ శాస్త్రవేత్తలకు ఇది తెలిసింది. రెండు మగవి ఒక్క తొట్టిలో ఉంటే కొట్టుకుంటాయి. దీనికి వెచ్చని నీళ్లు కావాలి. మన కొర్రమీను లాగా పైకొచ్చి గాలి కూడా పీల్చుకుంటుంది.

అంటే ఒకటి చల్లనిది, ఒకటి వెచ్చనిది. ఒకే తొట్టిలో రెండూ సుఖంగా ఉండవు. పైగా మన రామగుండం బెల్ట్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీల దగ్గరికి పోతుంది. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ టైంలో కరెంట్ పోయి ఎయిర్ పంప్ ఆగిందంటే ముందు ఇబ్బంది పడేది గోల్డ్‌ఫిషే.

తొట్టిలో ఎవరిని ఎవరితో ఉంచాలన్న లెక్క లండన్‌లో 1850 నాటికే మొదలైంది. రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్ట్ రెండు గోల్డ్‌ఫిష్‌లను నీటి మొక్కతో పాటు గాజు పాత్రలో ఉంచాడు. ఆకులు కుళ్లి నీళ్లు పాడయ్యాయి. నత్తలను వేస్తే అవి కుళ్లిన ఆకులు తిన్నాయి, నీళ్లు తేరుకున్నాయి. 1853లో లండన్ జూలో జనం చూసే అక్వేరియం తెరిచారు.

మన దగ్గర అదే లెక్క చెరువులో నడిచింది. ఒకప్పుడు చేప పిల్లలను నది నుంచి పట్టి తెచ్చేవాళ్లు. అందులో మిగతా పిల్లలను తినేసే జాతులు కూడా కలిసి వచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి హార్మోన్ ఇంజెక్షన్‌తో కార్పు జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతాం. ఆ తర్వాత కావాల్సిన జాతి పిల్లలు విడిగా దొరకడం మొదలైంది. పైన తినే బొచ్చె, మధ్యలో తినే రవ్వు, అడుగున తినే మ్రిగాల. ఒకే చెరువు, కానీ ఒకదాని తిండికి ఇంకొకటి పోటీ రాదు. పిల్లలను మింగే కొర్రమీనును మాత్రం వాటితో వేయరు.

అక్వేరియంకు కూడా ఇదే సూత్రం. షాపులో మూడు ప్రశ్నలు అడగండి: వెచ్చని నీళ్లదా చల్లని నీళ్లదా? పెద్దయ్యాక ఎంత అవుతుంది? పక్క చేపను కొరుకుతుందా? మన ఎండలకు గప్పీ, మోలీ, ప్లాటీ లాంటివి నయం. అవి ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి కూడా.

ఇక సక్కర్ ఫిష్. దీని ఊరు దక్షిణ అమెరికా. షాపులో వేలంత ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. తొట్టి చాలక పాపం అనిపించి చాలామంది చెరువులో వదిలేస్తారు. అక్కడ అది ఒడ్డుకు బొరియలు తవ్వుతుంది, ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది. తెలుగు రాష్ట్రాల్లో జాలరులు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. వానాకాలం మన చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు చివరికి గోదావరిలోకే పోతాయి. ఆ చేప కూడా వాటితోనే పోతుంది.

కాబట్టి వద్దనుకుంటే షాపుకో, ఇంకో అక్వేరియం ఉన్న దోస్తుకో ఇవ్వండి. చెరువులో మాత్రం వదలకండి. మీ తొట్టిలో ఏమేం చేపలున్నాయో కామెంట్‌లో రాయండి, జోడీ కుదిరిందో లేదో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.