మన్ను గుండ్లు

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, నెగడు ఇంక ఆరలేదు. పొద్దుగాల చిన్నోడు అడిగిండు గదా, "తాతా, మీ కాలంల తుపాకులుండెనా?" అని. ఊరంత మీద ఒక్కటుండె, పటేలు ఇంట్ల గోడకు. మా అసుంటోళ్ల చేతుల ఉన్నది ఒడిసెల. దానికి గుండ్లు మేమే చేసుకుంటుంటిమి. ఆ ముచ్చట చెప్త, ఇనుండ్రి.

పాలమూరు దిక్కు మాది జొన్న తిని బతికిన ఊరు. కంకి పాలు పోసుకున్న కాడినుంచి గింజ గట్టిపడేదాక పిట్టలతోటే కొట్లాట. తెల్లారకముందే మంచె ఎక్కాలె. పిచ్చుకలైతే గింజ గింజ ఏరుకుంటయ్. చిలకలట్ల కాదు, గుంపుగ వాలి సగం తింటయ్, సగం కింద పారేస్తయ్. ఒక్క పూట కునుకు పట్టిందంటే ఆ మూలకు ఊచబియ్యానికి గూడ కంకి మిగలది.

ఒడిసెల మా తాత జనుప నారతోటి అల్లెటోడు. నడుమ అరచెయ్యంత అల్లిక, అటొకటి ఇటొకటి తాడు. ఒక తాడు కొస మడత వేలికి తొడుక్కోవాలె, రెండో తాడు కొస ముడి బొటనవేలు కింద అదిమి పట్టాలె. గుండు పెట్టి, తల మీదుగ తిప్పి, ముడి ఇడిస్తే రయ్యిన పోతది. తాడు కొసకు నార పోగులు ఇడిసి పెడితే 'ఫట్' మని సప్పుడైతది. చానాసార్లు ఆ సప్పుడుకే గుంపు లేస్తుండె, గుండుతోటి పనే పడకపోతుండె. మేం పిట్టలను చంపేటోళ్లం కాదు, లేపేటోళ్లం.

గుండ్లకు చెరువు బంకమన్ను, పుట్టమన్ను కలిపి రాత్రి నానబెట్టి, పొద్దున కాళ్లతోటి తొక్కి, రాయి రప్ప ఏరేస్తుంటిమి. ఉత్త బంకమన్నైతే ఆరంగనే పగుళ్లు. ఇసుక ఎక్కువైతే చేతులనే రాలుతది. నాకు ఊరుకునే గుణం లేకుండె. బూడిద కలిపి చూసిన, జొన్నపొట్టు కలిపి చూసిన, పేడ కలిపి చూసిన. పేడ గుండు పగలలేదు గని తేలికై గాలికి పక్కకు పోయింది. తొందరకు ఎండల పెడితే పైపొర ముందే ఆరి, లోపలి తడి ఎల్లక చీలిపాయె. అందుకే నీడకు నాలుగు దినాలు, ఆఖరుకు ఒక్క పూట ఎండ. చేతి పని తొందరను ఓర్వదని నాకు ఆ మన్నే నేర్పింది.

అన్నిటికంటె అసలు మర్మం కొలత. ఒక గుండు పెద్దగ, ఒకటి చిన్నగ ఉంటే చెయ్యికి గురి అలవాటు కాదు. మా అవ్వ పాత కుంకుమ భరిణె నాకిచ్చింది. దాన్నిండ మన్ను నింపి, పైన వేలితోటి సాపు చేసి, బోర్లిస్తే ఒక గుండుకు మన్ను. ఎన్ని చేసినా ఒక్క తీరు. గురి కంట్ల కాదురా, ఆ భరిణెల ఉండె.

పటేలు తుపాకి గూడ గంతే. గొట్టం మూతి నుంచి మందు పోసి, ఇనపకడ్డీతోటి గట్టిగ దట్టించేది. వేలెడంత ఇత్తడి కొలత ఆయన జేబుల ఉండేది, అది లేకుంట మందు ముట్టకపోతుండె. పక్క ఊళ్లె ఒకాయన కొలత లేకుంట అందాజుగ ఎక్కువ పోస్తే గొట్టం పగిలి రెండు వేళ్లు పోయినయ్. తుపాకులల్ల 12 బోరు అని ఒక రకం ఉంటది, ఆ పేరులనే కొలత ఉన్నది. ఒక పౌను, అంటే 453 గ్రాముల సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే, అందుల ఒక గుండు పట్టే గొట్టం అది. లైసెన్సు లేకుంట తుపాకి ఉండొద్దు, తూటా చెయ్యొద్దు అని 1959 చట్టం చెప్తది. ఆ వేళ్లు పోయినాయన చెయ్యి చూసినోనికి ఆ చట్టం ఎందుకో ఎవలూ చెప్పనక్కరలేదు.

ఒకసారి పచ్చి గుండుకు దంటు పుల్లతోటి చిన్న తొర్ర చేసిన. ఇసిరితే ఈల ఏసుకుంట పోయింది! పిట్టలు గుండు రాకముందే లేసినయ్. నేనే కనిపెట్టిన అని ఊరంత తిరిగిన. మొన్న మీ అన్న చెప్తే ఎరుకైంది, స్కాట్లాండ్‌ల బర్న్స్‌వార్క్ గుట్ట కాడ రోమన్ల ఒడిసెల గుండ్లు దొరికినయట. సీసంతోటి పోసినయ్, కొన్నిటికి చిన్న తొర్రలు. దగ్గెర దగ్గెర 1,900 ఏండ్ల కిందివి. తొర్రలు ఈల కోసమే అయి ఉంటయని పరిశోధకుల మాట. రోమన్లు మనుషులను బెదిరించనీకె చేసిన్రేమో, నేను చిలకలను లేపనీకె చేసిన.

ఇగ అసలు ముచ్చట. పన్నెండేండ్లప్పుడు మన్ను పిసుకుడు యాష్టకొచ్చి, వాగుల నున్నటి గులకరాళ్లు ఏరుకొచ్చిన. మన్ను గుండు కంటె దూరం పోయినయ్, సక్కగ పోయినయ్. సంబురంతోటి ఒకటి గట్టిగ ఇసిరిన. గట్టు మీద చిన్నమ్మ అంబలి కుండ నెత్తిన పెట్టుకొని వస్తుండె. కుండ భళ్లుమన్నది. అంబలి మొఖం మీదికెల్లి కారుకుంట నిలబడ్డది ఆమె. జానెడు కిందికైతే కణతే.

తాత నన్ను కొట్టలేదు. గట్టు పొంట ఎతికి ఆ రాయి తెచ్చి నా చేతుల పెట్టిండు. రాత్రి చెంబు నీళ్లల్ల ఒక మన్ను గుండు ఏసిండు. తెల్లారి చూస్తే గుండు లేదు, అడుగున బురద. "చేను మీద ఏసింది చేన్లనే కలవాలె బిడ్డా. వానపడితే ఇది కరుగుతది. రాయి కరగది. నాగలికి తగుల్తది, ఎద్దు కాలుకు తగుల్తది, మనిషికి తగుల్తది. గుండు చేసెటోడు అది పడే జాగ గూడ మనసుల పెట్టుకొని చెయ్యాలె" అన్నడు.

ఆ చేన్ల నేను ఇసిరిన గుండ్లు వేలల్ల ఉంటయ్. ఇయ్యాల పోయి తవ్వినా ఒక్కటి దొరకది. ఆ గులకరాయి మాత్రం మన ఇంటి దీపపు గూట్ల అట్లనే ఉన్నది. పోయి తెస్తే చూపిస్త.