కొండలు, కడలి, గ్రీసు దేశము

నేలను బట్టి పంట, పంటను బట్టి బ్రతుకు అని మీరెఱుగుదురు. ప్రాచీన గ్రీసు చరిత్రమును నేనట్లే చూచుచున్నాను.

కొండలు ఆ దేశమును చిన్న చిన్న లోయలుగా విడదీసెను. అందుచే పట్టణమున కొక ప్రభుత్వ మేర్పడెను. ఏథెన్సు ప్రాంతపు పలుచని నేలలో ఆలివు చెట్లు చక్కగా పెరుగును గాని, జనులకు చాలినంత ధాన్యము పండదు. కావున వారు ఓడలెక్కి, నూనె నమ్మి, నల్లసముద్ర తీరమునుండి గోధుమలు తెచ్చుకొనిరి. క్రీ. పూ. 480లో సాలమిస్ కడ పారసీకులపై గ్రీకులకు జయము గూర్చినదియు ఓడలే.

కాని గ్రీకులలో గ్రీకులకే వైరము పుట్టెను. క్రీ. పూ. 405లో స్పార్టా సేనాని లైసాండరు హెల్లెస్పాంటు జలసంధిలో ఏథెన్సు నౌకలను పట్టుకొని, ధాన్యము వచ్చు త్రోవను మూసెను. మరుసటి యేట ఆకలికి తాళలేక ఏథెన్సు లొంగిపోయెను.

కొండలు వారికి స్వాతంత్ర్యమిచ్చెను, ఐకమత్య మీయలేదు. కడలి అన్నము పెట్టెను. త్రోవ మూతపడగనే పస్తు పెట్టెను.