అయిదడుగుల బాట: సింగపూరు పాత వీధుల నడక

మన సభ్యులలో పలువురి పిల్లలు ఉద్యోగరీత్యా సింగపూరులో ఉంటున్నారు. చూడడానికి వెళ్ళిన పెద్దలను వారు సెలవురోజుల్లో కారులోనో రైలులోనో తిప్పుతారు. మిగిలిన రోజుల్లో కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనుమలు బడికి వెళ్ళాక పెద్దలకు తోచదు. అట్టివారికి నా మనవి: ఆ ఊరి పాత వీధులను కాలినడకన చూడండి. ఎంతో రద్దీగల ఆ నగరంలో నడిచేవాడికి నీడపట్టున దారి ఉండాలని సుమారు రెండు వందల ఏళ్ళ క్రితమే నియమం చేశారు. ఆ దారి దానంతటదే నిలవలేదు. దాని కథ తెలుసుకోదగినది.

1819లో ఈస్టిండియా కంపెనీ తరఫున స్టాంఫర్డ్ రాఫిల్స్ సింగపూరులో వర్తక స్థావరం నెలకొల్పాడు. 1822లో పట్టణ నిర్మాణానికి కమిటీ వేస్తూ, వీధి పక్కనున్న ప్రతి ఇంటికీ ముందు వరండా ఉండాలనీ, ఆ వరండాలన్నీ కలిసి కప్పుగల నడకదారిగా ఎల్లవేళలా తెరచి ఉండాలనీ ఆదేశించాడు. భూమధ్యరేఖకు అతి దగ్గరగా ఉన్న ఆ ఊళ్ళో ఎండా తీవ్రమే, వానా తీవ్రమే. ఈ దారులను మలయా భాషలో 'కాకి లిమా' అంటారు. 'కాకి' అంటే అడుగు, 'లిమా' అంటే అయిదు. పేరుకు అయిదడుగులే గాని వెడల్పు అన్నిచోట్లా ఒకటిగా ఉండదు.

అయితే వరండా ఇంటివాడిది, నడిచే హక్కు ప్రజలది. చిక్కంతా ఇక్కడే వచ్చింది. దుకాణదారులు సరుకులు బయట పేర్చారు. మంగలి, చెప్పులు కుట్టేవాడు, జోస్యుడు, చదువురానివారికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు అక్కడే బతుకుతెరువు చూసుకున్నారు. 1888 ఫిబ్రవరిలో మునిసిపాలిటీవారు వరండాలను ఖాళీ చేయించబోగా వర్తకులు దుకాణాలు మూసేశారు, వీధుల్లో రాళ్ళు రువ్వారు. వీటినే 'వరండా అల్లర్లు' అంటారు. చివరకు మనుషులు నడవడానికి చోటు వదిలి మిగిలిన భాగం వాడుకోవచ్చునన్న రాజీతో గొడవ సద్దుమణిగింది. బతుకుతెరువుకూ బాటకూ మధ్య తగవు మనకూ కొత్తదేమీ కాదు.

నడకను సౌత్ బ్రిడ్జి రోడ్డులో మొదలుపెట్టండి. అక్కడ 1826లో చూలియా ముస్లిములు స్థాపించిన జామె మసీదు, 1827 నాటి మారియమ్మ కోవెల చేరువలోనే ఉన్నాయి. కోవెల స్థాపకుడు నారాయణ పిళ్ళై 1819లో రాఫిల్స్‌తో ఓడలో వచ్చినవాడు. అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే తెలోక్ అయర్ వీధి. అక్కడ చైనీయుల సముద్రదేవత ఆలయం తియాన్ హాక్ కెంగ్, దానికి సమీపంలోనే నాగూరు దర్గా కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ వీధే సముద్రపు ఒడ్డు. ప్రాణాలతో గట్టెక్కినవారు ఓడ దిగి అక్కడే మొక్కు తీర్చుకునేవారు. 19వ శతాబ్దంలో సముద్రాన్ని పూడ్చడంతో ఆ గుడులు ఊరి మధ్యకు వచ్చాయి. ఈ సంగతి కారులో పోయేవాడికి తెలియదు.

ఓపిక ఉంటే నది దాటి సెయింట్ ఆండ్రూస్ చర్చి దాకా వెళ్ళండి. 1856లో మొదలైన ఆ కట్టడానికి చెమటోడ్చినవారు మన దేశం నుంచి ద్వీపాంతర శిక్షపై పంపబడిన ఖైదీలు. లోపలి గోడలకు పూసింది మద్రాసు సున్నం. గవ్వసున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, బెల్లం కలిపి నూరి, గోడ అద్దంలా మెరిసేదాకా రుద్దారు. మన పాత మిద్దెల గచ్చు ఎరిగినవారు ఆ నునుపును ఇట్టే గుర్తుపడతారు.

1965లో స్వతంత్ర దేశమైన తరువాత సింగపూరు చాలా పాత ఇళ్ళను పడగొట్టి మేడలు కట్టింది. ఉన్నవైనా మిగలాలని 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపోంగ్ గ్లామ్ వంటి పేటలను పరిరక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. వాటితోపాటు అయిదడుగుల బాటలూ నిలిచాయి. వీధుల్లో తిండి అమ్మేవారికి ప్రత్యేక కేంద్రాలు కట్టించారు. వారి వంటల సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు దక్కింది.

వెళ్ళేవారు ఉదయం పూటే బయలుదేరండి. గొడుగు, మంచినీళ్ళు, మందులు, పిల్లల ఫోను నంబరు రాసిన కాగితం దగ్గర ఉంచుకోండి. ఒక ఇంటి వరండాకూ పక్కదానికీ ఎత్తు తేడా ఉంటుంది కనుక కిందికి చూసి అడుగు వేయండి. కాలు నొచ్చితే కాసేపు కూర్చోండి, తొందరేమీ లేదు. తిరిగి వచ్చాక మన ఊరి బజారులో ముసలివాళ్ళు నడవడానికి అయిదడుగుల చోటైనా ఉందా అని మన మునిసిపాలిటీవారిని అడుగుదాం. అడగడానికి మనకు తీరిక ఉంది, హక్కూ ఉంది.