పావు మాత్ర దాకా

1960లో లిబ్రియం, 1963లో వాలియం వచ్చాక, పాత బార్బిట్యురేట్ల బెడద తప్పిందని వైద్యులు ఊపిరి పీల్చుకున్నారు. ఈ కొత్త బెంజోడయాజెపీన్లు కూడా అలవాటైపోతాయన్న మాట చాలాకాలం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎక్కాక దాన్ని డోసు లెక్కగానే చూశారు: ఇన్ని మిల్లీగ్రాములు, ఇన్ని వారాల్లో తగ్గించాలి, అంతే. ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ వచ్చే మందుకు ఆ లెక్క ఉండాల్సిందే. కానీ రోగి భయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాకే మాన్పించే పని దారిన పడిందని బ్రిటన్, కెనడాల అనుభవం చెబుతోంది.

1980ల మొదట్లో బ్రిటన్‌లో పీటర్ టైరర్ బృందం చేసిన ప్రయోగాల్లో ఒక వింత బయటపడింది. డోసు తగ్గిస్తున్నారనుకున్న కొందరికి, నిజానికి ఏమీ తగ్గించకపోయినా, మందు మానితే వచ్చే బాధలు మొదలయ్యాయి. అయితే ఇదంతా భ్రమేనా అంటే, కాదు. అవే ప్రయోగాల్లో మరికొందరికి డోసు నిజంగా తగ్గినప్పుడే బాధలు వచ్చాయి. శరీరం పెట్టే బాధ ఒకటి, భయం పెట్టే బాధ మరొకటి. రెండూ కలగలిస్తే ఏది ఏదో రోగికే తెలియదు. న్యూకాసిల్‌లో 1982 నుంచి 1994 దాకా ఈ మందులు మాన్పించడానికే క్లినిక్ నడిపిన హెదర్ ఆష్టన్, వృత్తిరీత్యా మందుల శాస్త్రం చదివిన మనిషి, మిల్లీగ్రాముల్లో ఆలోచించే మనిషి. బాధలు నిజమేనని గట్టిగా చెప్పిన ఆవిడే, ఎంత నిదానంగా తగ్గించాలన్నది రోగి చేతిలోనే ఉండాలని పట్టుబట్టారు. అది మందుల శాస్త్రం నేర్పిన పాఠం కాదు, రోగులు నేర్పింది.

2004లో క్యుబెక్‌లో చార్లెస్ మోరిన్ బృందం ఏళ్లతరబడి బెంజోడయాజెపీన్ నిద్రమాత్రలు వాడుతున్న 76 మంది పెద్దవయసువారి మీద చేసిన అధ్యయనం, భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలన్న మాటకు అంకెలిచ్చింది. డోసు తగ్గించడం ఒక్కటే చేసినవారిలో 48 శాతం మానగలిగారు. దానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తోడైన చోట 85 శాతం. నిద్ర పట్టకపోతే మంచం దిగెయ్యడం, ఈ రాత్రి నిద్రపోకపోతే రేపు ఏమైపోతానో అన్న బెంగను నిలదీయడం: థెరపీలో ముఖ్యమైనవి ఇలాంటివే. ఈ మేలు ఎన్నాళ్లుంటుందని అడగొచ్చు. 2015 నాటి కోక్రేన్ సమీక్ష మూడు నెలల తర్వాత దీన్ని గట్టిగా చెప్పలేమంది. నా దృష్టిలో అది పద్ధతిని కొట్టిపారేసే మాట కాదు. బెంగ తిరిగొచ్చినప్పుడు పలకరించే మనిషి లేకపోవడమే లోపం.

ఈ థెరపీ ఇవ్వడానికి అంతమంది సైకాలజిస్టులు ఎక్కడ దొరుకుతారన్నది అంతకన్నా గట్టి ప్రశ్న. 2014లో క్యుబెక్‌లోనే వెలువడిన ఎంపవర్ అధ్యయనంలో మందుల షాపుల ద్వారా ఎంపికైన వృద్ధులకు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. మాత్రల ప్రమాదాల మీద తమను తాము పరీక్షించుకునే ప్రశ్నలు, వారంవారం మింగాల్సిన నిండు మాత్ర, సగం, పావు బొమ్మలు అందులో ఉన్నాయి. ఆరు నెలల్లో 27 శాతం మానేశారు. పుస్తకం అందనివారిలో 5 శాతమే. పుస్తకంతో ఆగగలిగినవారిని దానికే వదిలి, సైకాలజిస్టుల సమయాన్ని మిగతావారికి కేటాయించడం సబబు.