ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి: లాగిన్ తనిఖీ ఎలా ఉండాలి?

2021 మే 7న అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది. ఆ దేశ తూర్పు తీరం వాడే ఇంధనంలో దాదాపు 45 శాతం ఆ గొట్టాల్లోనే వెళుతుంది. కొన్ని రోజుల పాటు బంకుల దగ్గర జనం బారులు తీరారు. ఇందుకు హ్యాకర్లు గొప్ప విద్యేమీ ప్రదర్శించలేదు. వాడుకలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతాను ఎవరూ మూసేయలేదు. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. ఆ పాస్‌వర్డ్ వాళ్ల చేతికి చిక్కింది. సంస్థ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు, ముట్టజెప్పింది.

2020 మార్చి లాక్‌డౌన్‌లో హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు కూడా రాత్రికి రాత్రే ఇళ్ల నుంచి లాగిన్లు తెరవాల్సి వచ్చింది. ఆనాటి తాత్కాలిక ఏర్పాటే ఇప్పటికీ నడుస్తుంటే, దాన్ని ఒకసారి విప్పి చూడటం మంచిది.

ఉద్యోగి ఇంట్లో కూర్చుని లాగిన్ అయినప్పుడు జరిగేది ఇది. ముందుగా వీపీఎన్ గేట్‌వే తలుపు తీస్తుంది. పాస్‌వర్డ్ సరైనదో కాదో అది స్వయంగా తేల్చకూడదు. రేడియస్ అనే సర్వర్‌ను అడగాలి. ఆ సర్వర్, కంపెనీ ఉద్యోగులందరి వివరాలుండే డైరెక్టరీని అడుగుతుంది. చాలాచోట్ల ఇది మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ. మనిషి ఎవరో తేలాక, అతను ఏ గ్రూపువాడో చూసి ఎక్కడిదాకా వెళ్లొచ్చో నిర్ణయిస్తారు. అకౌంట్స్ విభాగం వ్యక్తికి సోర్స్ కోడ్ సర్వర్ కనిపించనక్కర్లేదు.

ఇంత తిప్పడం ఎందుకంటే, ఉద్యోగి మానేసిన రోజు ఒక్కచోట ఖాతా ఆపితే అన్ని తలుపులూ మూసుకోవాలి. అయితే గేట్‌వేలోనే నేరుగా సృష్టించిన ‘లోకల్’ ఖాతాలకు ఈ సూత్రం వర్తించదు. పరీక్ష కోసమో, వెండర్ కోసమో తెరిచి మరిచిపోయే ఖాతాలు ఇవే. వాటిని ముందు వెతికి తీసేయండి. ఇంకో మెలిక: డైరెక్టరీలో ఖాతా ఆపినా, అప్పటికే నడుస్తున్న సెషన్ తెగకపోవచ్చు. దాన్ని విడిగా తెంచాలి.

రేడియస్ డయల్‌అప్ మోడెమ్‌ల కాలం నాటిది. దాని బలహీనతను 2024 జులైలో ‘బ్లాస్ట్‌రేడియస్’ పేరుతో పరిశోధకులు బయటపెట్టారు. పాచ్‌లు వేయాలి, కుదిరితే ఆ సంభాషణ మొత్తం టీఎల్‌ఎస్ గొట్టంలో నడపాలి.

ఇక రెండో తనిఖీ. బ్యాంకుల పుణ్యమా అని మనకు ఎస్సెమ్మెస్ ఓటీపీ మీద నమ్మకం ఎక్కువ. కానీ సిమ్ మార్పిడి మోసంతో అది దొంగ ఫోన్‌కు చేరుతుంది. అథెంటికేటర్ యాప్ మేలు. ఫోన్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే రహస్య సంఖ్య ఉంటుంది, దాన్ని గడియారంతో కలిపి సాధారణంగా 30 సెకన్లకో కోడ్ లెక్కిస్తారు. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, గడియారాలు తేడా వస్తే మాత్రం మొరాయిస్తుంది. ‘అవును’ నొక్కమని అడిగే నోటిఫికేషన్ పద్ధతి సుఖంగా ఉంటుంది కానీ, 2022 సెప్టెంబరులో ఉబర్‌లోకి చొరబడినవాడు ఒక కాంట్రాక్టరుకు పదేపదే అలాంటివి పంపి చివరికి ఒప్పించాడు. తెరమీది అంకెను ఫోన్‌లో కొట్టించే పద్ధతి దీనికి కొంత విరుగుడు. అన్నిటికన్నా గట్టివి ఫిడో సెక్యూరిటీ కీలు, పాస్‌కీలు. అవి అసలు సైటు చిరునామాకు ముడిపడి ఉంటాయి కాబట్టి నకిలీ పేజీలో పనిచేయవు. బడ్జెట్ తక్కువైతే కనీసం అడ్మిన్లకైనా కీలు కొనాలి.

ప్రతి 90 రోజులకూ పాస్‌వర్డ్ మార్పించే అలవాటు మానొచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా, లీకైనట్టు ఆధారముంటే తప్ప మార్పించవద్దంటోంది. పొడవైన పాస్‌వర్డ్ పెట్టించి, లీకైన జాబితాలతో పోల్చి చూస్తే చాలు. లేదంటే జనం చివరి అంకె ఒక్కటి పెంచి ఊరుకుంటారు.

ఫోన్ పోయిందని హెల్ప్‌డెస్క్‌కు వచ్చే కాల్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ఉద్యోగి నంబరు, పుట్టిన తేదీ చెప్పగానే రెండో తనిఖీ రీసెట్ చేస్తే పైన కట్టిందంతా వృథా. వీడియో కాల్‌లో మేనేజర్ గుర్తుపట్టాకే చేయాలి.

లాగ్‌ల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, చొరబాటు గమనించిన 6 గంటల్లో తెలపాలి, సర్వర్ల గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో సరిపోవాలి. గేట్‌వే, రేడియస్, డైరెక్టరీ మూడింటి లాగ్‌లూ ఒకేచోటికి రాకపోతే, ఆ 6 గంటలూ ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో వెతకడానికే సరిపోతాయి.