బస్తర్‌లో పోలీసులు, ప్రజలు: సల్వా జుడుం నుంచి లోన్ వర్రాటు వరకు

"తుపాకీ హింసను తగ్గించడంలో పోలీసులు, ప్రజల భాగస్వామ్యం ఎంతవరకు ఉపయోగపడుతుంది?" అనే ప్రశ్న మెయిన్స్‌లో వస్తే మీరేం రాస్తారు? చాలామంది కేరళ జనమైత్రి, ముంబయి మొహల్లా కమిటీలు అని రెండు పేర్లు రాసి, "ప్రజల సహకారం అత్యవసరం" అని ముగిస్తారు. అది తప్పు కాదు, కానీ చాలదు. ప్రజల భాగస్వామ్యం అనే మాట ప్రాణాలు కాపాడగలదు, తీయగలదు కూడా. ఈ రెండూ ఒకే చోట కనిపించేది బస్తర్‌లో. అందుకే ఈ చరిత్రను వరుసగా చదువుకుందాం.

నేపథ్యం

బస్తర్ ప్రాంతంలో నేడు ఏడు జిల్లాలున్నాయి: బస్తర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా, నారాయణపూర్, కొండగావ్, కాంకేర్. గోండి, హల్బీ మాట్లాడే ఆదివాసులు ఎక్కువ. ఇక్కడ ప్రభుత్వంతో ప్రజలకున్న తగవు మావోయిస్టులతో మొదలు కాలేదు. అడవులను రిజర్వు చేయడం, వెట్టి చాకిరీ వంటి కారణాలతో 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. దాని నాయకుడిగా గుండాధుర్‌ను నేటికీ తలచుకుంటారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో జరిగిన పోలీసు కాల్పుల్లో ఆదివాసులు ఎంతో అభిమానించే ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ మరణించారు. 1980లో పీపుల్స్ వార్ దళాలు గోదావరి దాటి దండకారణ్యంలోకి వెళ్ళాయి. తునికాకు కూలి, అటవీ సిబ్బంది వేధింపులు వంటి సమస్యలపై పనిచేసి అక్కడ స్థిరపడ్డాయి. అదే సమయంలో ఊళ్ళోకి వచ్చే పోలీసు బయటివాడు. అతనికి చాలాసార్లు గోండి రాదు. తన ఫిర్యాదు అర్థం చేసుకోలేని పోలీసును గ్రామస్థుడు ఎలా నమ్ముతాడు?

మొదటి ప్రయోగం: ప్రజల చేతికి తుపాకీ

2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, నక్సలైట్ల మధ్య చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ళ తరబడి ఇరుపక్షాలనూ ప్రశ్నించి, ఒప్పించి వేసిన బాట అది. ఊళ్ళలో ఆయుధాలతో తిరగడం ఆ చర్చల్లో పెద్ద చిక్కుముడిగా మారింది. 2005 జనవరికి చర్చల ప్రక్రియ కూలిపోయింది.

అదే ఏడాది జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. ప్రభుత్వం దీన్ని "శాంతి యాత్ర" అంది. గోండిలో ఆ మాటకు "శుద్ధి వేట" అనే అర్థం దగ్గరగా ఉంటుందని పరిశోధకులు చెబుతారు. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ దానికి ముందు నిలిచారు, రాష్ట్రంలోని బీజేపీ ప్రభుత్వం అండగా ఉంది. మావోయిస్టుల దాడులతో, ఆంక్షలతో విసిగిన గ్రామస్థులు కొందరు నిజంగానే అందులో చేరారు. కానీ చేరనివారు శత్రువులుగా లెక్కలోకి వచ్చారు. ఊళ్ళు తగలబడ్డాయి, వేలమంది శిబిరాలకు చేరారు. మరెందరో సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చారు. భద్రాచలం, ములుగు ప్రాంతాల్లో మనం "గుత్తికోయలు" అని పిలిచేవారిలో చాలామంది అలా వచ్చినవారే.

పోలీసులకు సాయంగా స్పెషల్ పోలీస్ ఆఫీసర్ల పేరుతో ఆదివాసీ యువకులను తీసుకున్నారు. 2011 నాటికి వారి సంఖ్య సుమారు 6,500. అయిదో తరగతి చదువు, రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. పని మాత్రం సాయుధ పోరాటం.

సుప్రీంకోర్టు తీర్పు

నందినీ సుందర్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ కేసులో 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఇది కంఠస్థం చేయాల్సిన తీర్పు. చదువు, శిక్షణ సరిపోని యువకులను శిక్షణ పొందిన బలగాల పనికి పంపడం 14వ అధికరణకు విరుద్ధం. వారి ప్రాణాలను, ఇతరుల ప్రాణాలను అలా పణంగా పెట్టడం 21వ అధికరణకు విరుద్ధం. స్పెషల్ పోలీస్ ఆఫీసర్లను మావోయిస్టు వ్యతిరేక చర్యల్లో వాడరాదని, ఇచ్చిన తుపాకులు వెనక్కి తీసుకోవాలని, అదే సమయంలో వారికి రక్షణ కల్పించాలని కోర్టు ఆదేశించింది.

రాష్ట్రం అదే ఏడాది సహాయక సాయుధ పోలీసు దళ చట్టం చేసి, వారిలో చాలామందిని ఆ దళంలోకి తీసుకుంది. శాసనసభ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండో భాగం రాయకపోతే మీ సమాధానం సగమే అవుతుంది.

రెండో ప్రయోగం: స్థానికులే పోలీసులు

డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ 2008లో మొదలై క్రమంగా మిగతా జిల్లాలకు విస్తరించింది. స్థానిక యువకులు, లొంగిపోయిన మావోయిస్టులు ఇందులో ఉంటారు. భాష తెలుసు, దారి తెలుసు. సల్వా జుడుంతో పోలిస్తే ఒక తేడా ఉంది: వీరు యూనిఫాం వేసుకున్న ఉద్యోగులు, చట్టానికి జవాబుదారులు. కానీ పాత చిక్కు పూర్తిగా పోలేదు. 2023 ఏప్రిల్ 26న దంతేవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర మందుపాతర పేలి ఈ దళానికి చెందిన 10 మంది, వారి వాహన డ్రైవరు చనిపోయారు. రెండు వైపులా ఆదివాసీ ఇళ్ళలోనే ఏడుపు వినిపిస్తోంది.

మూడో ప్రయోగం: ఇంటికి రండి

2020 జూన్‌లో దంతేవాడ పోలీసులు "లోన్ వర్రాటు" మొదలుపెట్టారు. గోండిలో "ఇంటికి తిరిగి రండి" అని అర్థం. దళాల్లో ఉన్నవారి పేర్లను వారి సొంత ఊళ్ళలోనే ప్రదర్శించి, కుటుంబాల ద్వారా పిలిచారు. 2024లో వచ్చిన "నియద్ నెల్లానార్" పథకం భద్రతా శిబిరాల చుట్టూ అయిదు కిలోమీటర్లలోని ఊళ్ళకు రేషన్, రోడ్డు, కరెంటు, ఆస్పత్రి చేర్చాలనుకుంది. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు 153 ఆయుధాలు అప్పగించినప్పుడు, వారికి స్వాగతం పలికినవారిలో మాంఝీ, చాల్కీ అనే సంప్రదాయ పెద్దలు ఉన్నారు.

అమెరికాలోని బోస్టన్‌ను ఇక్కడ పోల్చండి. 1996లో మొదలైన ఆపరేషన్ సీజ్‌ఫైర్‌లో పోలీసులు, చర్చి పెద్దలు, యువజన కార్యకర్తలు ముఠా యువకులను ఎదురుగా కూర్చోబెట్టి, "కాల్పులు ఆపితే సాయం, ఆపకపోతే కేసు" అని చెప్పారు. యువకుల హత్యలు నెలకు సగటున 63 శాతం తగ్గాయని పరిశోధకులు అంచనా వేశారు. అక్కడ ఎవరూ చర్చి పెద్ద చేతికి తుపాకీ ఇవ్వలేదు. ఆయన బలం ఆ వీధి అతనిపై పెట్టుకున్న నమ్మకం.

మీరు వాడాల్సిన మూడు గీటురాళ్ళు

ఒకటి, గ్రామస్థుడు భయం లేకుండా "నేను రాను" అనగలడా? సల్వా జుడుం ఇక్కడే ఓడిపోయింది. రెండు, ప్రమాదం ఎవరి మీద పడుతోంది? తుపాకీ పట్టే పని శిక్షణ, జీతం, చట్టపరమైన బాధ్యత ఉన్న పోలీసుదే కావాలి. మూడు, పోలీసు తప్పు చేస్తే ఫిర్యాదు వినేదెవరు? 2012 జూన్‌లో సర్కేగూడలో 17 మంది చనిపోయారు. వారు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని న్యాయ విచారణ కమిషన్ చెప్పడానికి 2019 దాకా పట్టింది.

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. పరీక్షలో గడువు గురించి రాయండి, కానీ అక్కడితో ఆపకండి. పెసా చట్టం కింద గ్రామసభ మాట చెల్లుబాటు కావడం, అటవీ హక్కుల పట్టాలు చేతికి రావడం, గోండిలో ఫిర్యాదు రాసుకునే స్టేషను ఉండటం కూడా రాయండి. రేపు ఇదే ప్రాంతంలో ఎస్పీగానో కలెక్టరుగానో మీకు పోస్టింగు వస్తే, మొదట అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే.